కొనేవారున్నారు.. అమ్మేవారున్నారు.. వారధి ఏదీ?

ఉత్తరాంధ్రలో విభిన్న వర్గాల సరఫరాదారులకు అందని ద్రాక్షగా పెద్ద ఆర్డర్లు

శ్రీకాకుళం, విజయనగరం: భోగాపురంలో అల్లూరి సీతారామరాజు అంతర్జాతీయ విమానాశ్రయం.. సంతబొమ్మాళి మండలం మూలపేటలో ఓడరేవు.. పైడిభీమవరంలో ఔషధ పరిశ్రమల సముదాయం.. బొబ్బిలిలో గ్రోత్ సెంటర్. వెనుకబాటుకు మారుపేరుగా నిలిచిన ఉత్తరాంధ్ర చివరి జిల్లాల్లో ఇప్పుడు పెద్ద పేర్లకు కొదవ లేదు. విమానాశ్రయానికి 2023 మే 3న, ఓడరేవుకు అదే ఏడాది ఏప్రిల్ 19న శంకుస్థాపనలు జరిగాయి. ఇటువంటి ప్రాజెక్టు వచ్చిన ప్రతిసారీ ఎన్ని ఉద్యోగాలు వస్తాయన్న ప్రశ్న ఒక్కటే వినిపిస్తుంది. అంతకంటే ముఖ్యమైన మరో ప్రశ్న మాత్రం చర్చకు రావడం లేదు. వీటికి రోజూ కావలసిన సరకులు, సేవలు ఎవరు సరఫరా చేస్తారన్నదే ఆ ప్రశ్న.

ఒక పెద్ద సంస్థ నడవాలంటే యంత్రాలు, ముడిసరకులు మాత్రమే చాలవు. కార్మికుల క్యాంటీన్‌కు బియ్యం, పప్పు, కూరగాయలు కావాలి. అట్టపెట్టెలు, సంచులు, ఏకరూప దుస్తులు, చీపుర్లు, సబ్బులు కావాలి. వాహనాలు, వెల్డింగ్ పనులు, మరమ్మతులు, తోటపని, అతిథులకిచ్చే జ్ఞాపికలు కావాలి. ఇవన్నీ ఈ జిల్లాల్లో తయారు కానివి కావు. చేసే చేతులూ తక్కువ కాదు. మహిళా పొదుపు సంఘాలు, గిరిజన సంఘాలు, చేనేత సహకార సంఘాలు, దళిత యువత నెలకొల్పిన చిన్న పరిశ్రమలు, సంప్రదాయ హస్తకళాకారులు ఊరూరా ఉన్నారు. అయినా కొనుగోలు ఆర్డర్లు విశాఖపట్నం, విజయవాడ, హైదరాబాద్ వ్యాపారుల గుమ్మం దాటి ఇటువైపు రావడం అరుదు. పరిశ్రమ ఇక్కడే ఉన్నా అది ఖర్చు పెట్టే రూపాయి మాత్రం ఊరు దాటిపోతోంది. ఉపాధి వెతుక్కుంటూ జనం వలస పోయే జిల్లాల్లో రూపాయి కూడా వలస పోవడం చిన్న విషయం కాదు.

దయ కాదు.. వ్యాపార సూత్రమే

చిన్నవారు, మహిళలు, దళితులు, గిరిజనులు నడిపే సంస్థల నుంచి పనిగట్టుకుని కొనుగోలు చేసే విధానం ప్రపంచానికి కొత్తది కాదు. అమెరికాలో 1969లోనే అల్పసంఖ్యాక వర్గాల వ్యాపార సంస్థలను ప్రోత్సహించేందుకు అధ్యక్షుడు నిక్సన్ హయాంలో ప్రత్యేక కార్యాలయం ఏర్పాటైంది. మన దేశంలో 2005లో మహారాష్ట్రలోని పుణె కేంద్రంగా మిళింద్ కాంబ్లే దళిత వాణిజ్య, పారిశ్రామిక మండలిని స్థాపించారు. ఉద్యోగం అడిగేవారుగా కాక ఉద్యోగం ఇచ్చేవారుగా దళితులు ఎదగాలన్నది ఆ మండలి నినాదం.

ఈ విధానాన్ని దయాధర్మంగా చూసేవారు లేకపోలేదు. నిజానికి ఇది కొనుగోలుదారు ప్రయోజనానికి సంబంధించినది. ఒకే ఊరిలోని ఒకే వ్యాపారిపై ఆధారపడిన సంస్థ, ఆ వ్యాపారి తడబడిన రోజున తానూ ఆగిపోవలసి వస్తుంది. 2020లో కొవిడ్ లాక్‌డౌన్ విధించినప్పుడు దూరాన ఉన్న సరఫరాదారులను నమ్ముకున్న పరిశ్రమలు దేశమంతటా ఈ పాఠం నేర్చుకున్నాయి. తుపాన్లు తరచుగా విరుచుకుపడే ఈ తీరంలో ఆ పాఠం మరింత వర్తిస్తుంది. పది మంది సరఫరాదారులు, పది చోట్ల, పది తీరుల్లో ఉంటే ఒకరు పడిపోయినా తొమ్మిది మంది నిలబెడతారు.

షావుకారు నేర్పిన చేదు పాఠం

సరఫరాదారుతో సంబంధం ఎలా నిలుస్తుందో, ఎలా వికటిస్తుందో తెలుసుకోవడానికి ఉత్తరాంధ్ర ఏజెన్సీ చరిత్రకు మించిన పాఠ్యపుస్తకం లేదు. సీతంపేట, పార్వతీపురం, గుమ్మలక్ష్మీపురం కొండల్లోని సవర, జాతాపు, గదబ గిరిజనులు చింతపండు, కొండచీపుర్లు, కుంకుళ్లు, శీకాయ, తేనె, కరక్కాయ, అడ్డాకులు సేకరించి వారపు సంతలకు తెచ్చేవారు. వాటిని కొనేందుకు మైదాన ప్రాంతం నుంచి షావుకార్లు వెళ్లేవారు. ఉప్పు, బట్ట, అప్పు ఇచ్చి పంటను, అటవీ ఉత్పత్తులను తాము చెప్పిన ధరకు, తాము వేసిన తూకానికి తీసుకునేవారు. ఈ దోపిడీపై పేరుకున్న ఆగ్రహమే 1960ల చివర శ్రీకాకుళం గిరిజన ఉద్యమానికి ఒక ప్రధాన కారణమైంది. 1967 అక్టోబరు 31న లేవిడి వద్ద కాల్పుల్లో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు ప్రాణాలు కోల్పోయిన ఘటన ఆ ఉద్యమాన్ని మలుపు తిప్పింది.

అంత దోపిడీ జరిగినా గిరిజనుడు మళ్లీ ఆ షావుకారు వద్దకే ఎందుకు వెళ్లాడన్నది ఆలోచించవలసిన విషయం. షావుకారు కొండ ఎక్కి సరకు ఉన్న చోటికే వచ్చేవాడు. నాణ్యతను బట్టి ధర తెగ్గోసినా తెచ్చిన సరకును వెనక్కు పంపేవాడు కాదు. ఇంట్లో జ్వరమొచ్చినా, పెళ్లి కుదిరినా అర్ధరాత్రి అప్పు పుట్టేది ఆయన వద్దే. ఆ అప్పే ఉచ్చు అయింది. కానీ గడప వద్ద కొనుగోలు, అంతా కొంటామన్న హామీ, అవసరానికి చేతిలో డబ్బు అనే మూడు అవసరాలు మాత్రం నిజమైనవి. నేటి పెద్ద సంస్థలు ధర ఒక్కటే చూపి సరఫరాదారును రమ్మంటున్నాయి. ఆ మూడింటినీ వడ్డీ ఉచ్చు లేకుండా, సరైన తూకంతో ఇవ్వగలిగినవారికే చిన్న సరఫరాదారు నిలకడగా ఉంటాడు.

ఒకే కొనుగోలుదారు.. రెండు వైపులా పదును

షావుకారుకు ప్రత్యామ్నాయంగా ప్రభుత్వం రంగంలోకి దింపినది గిరిజన సహకార సంస్థ. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన ఈ సంస్థ ఒక చేత్తో అటవీ ఉత్పత్తులను కొని, మరో చేత్తో డిపోల ద్వారా నిత్యావసరాలు అమ్మింది. షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల వ్యాపారాన్ని నియంత్రిస్తూ 1979లో వచ్చిన నిబంధనలు దానికి గుత్తాధిపత్యాన్ని కట్టబెట్టాయి. షావుకారు పట్టు సడలడానికి, ముందుగా ప్రకటించిన ధర అనే మాట కొండల్లో వినిపించడానికి ఈ ఏర్పాటు తోడ్పడింది. గిరిజన్ తేనె, సబ్బుల వంటి ఉత్పత్తులు మైదానంలోని ఇళ్లకు చేరాయి.

అయితే కొనేవాడు ఒక్కడే అయినప్పుడు అమ్మేవాడికి బేరమాడే అవకాశం ఉండదు. 1996 నాటి పెసా చట్టం, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ లెక్కను మార్చాయి. అటవీ ఉత్పత్తులపై యాజమాన్యాన్ని గ్రామసభలకు పెసా అప్పగించగా, వాటిని సేకరించి అమ్ముకునే హక్కును అటవీ హక్కుల చట్టం గిరిజనులకు గుర్తించింది. 2013-14 నుంచి కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకు కనీస మద్దతు ధర పథకం ప్రారంభించింది. 2018లో వన్‌ధన్ వికాస కేంద్రాలు వచ్చాయి. సుమారు 300 మంది సేకరణదారులను ఒక కేంద్రం కిందకు తెచ్చి, ముడిసరకును శుభ్రపరచి, పొట్లాలు కట్టి అమ్మించడం వాటి ఉద్దేశం.

ఇక్కడే పెద్ద కొనుగోలుదారుకు దారి కనిపిస్తోంది. కొండపై ఒక్కో కుటుంబం తెచ్చే చింతపండు కొద్దిపాటి బుట్టలే. ఏ హోటలూ, ఏ క్యాంటీనూ ఆ బుట్టల కోసం కొండ ఎక్కదు. 300 మంది సరకు ఒకచోట చేరి, గింజ తీసి, తూకం వేసి, ఏడాది పొడవునా అందుబాటులో ఉంటే అప్పుడది సరఫరా అవుతుంది. అమ్మేవారిని ఒక్కటి చేసే సంఘమే మొదటి వారధి. 2022 ఏప్రిల్ 4న పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడి సీతంపేట, పాలకొండ ప్రాంతాలు అందులో చేరిన తరువాత పాలనా కేంద్రం కొండలకు దగ్గరైంది. కొనుగోలు కేంద్రాలూ అంతే దగ్గర కావలసి ఉంది.

పొందూరు నూలులో నమ్మకపు పోగు

సరఫరా గొలుసు అనగానే లారీలు, గిడ్డంగులు గుర్తుకొస్తాయి. శ్రీకాకుళం జిల్లాలో దానికి సన్నని ఉదాహరణ పొందూరు ఖద్దరు. గాంధీజీ తన యంగ్ ఇండియా పత్రికలో ఈ బట్ట సన్నదనాన్ని ప్రశంసించారు. ఇక్కడి ప్రత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రపరుస్తారు. ఆ పనిముట్టును గోదావరి ప్రాంతం నుంచి తెప్పించుకోవడం ఆనవాయితీ. తరువాత గింజ తీయడం, ఏకడం, ఒకే కదురు ఉన్న రాట్నంపై వందో నంబరు సన్నని నూలు వడకడం అన్నీ చేతి పనులే. రైతు, ప్రత్తి శుభ్రపరిచేవారు, నూలు వడికే మహిళ, మగ్గం నేసే కార్మికుడు.. ఇంతమంది చేతులు మారితే గానీ ఒక పంచె తయారు కాదు.

వీరందరినీ కలిపి ఉంచే బాధ్యతను 1949 నుంచి అక్కడి ఆంధ్ర సన్నఖాదీ కార్మికాభివృద్ధి సంఘం మోస్తోంది. సంఘం ప్రత్తి ఇస్తుంది, చిలపల లెక్కన నూలు తీసుకుంటుంది, ఆ నూలును నేతగాడికి అందిస్తుంది, బట్టను అమ్ముతుంది. వడికే మహిళకు మార్కెట్ ఎక్కడుందో వెతుక్కోవలసిన పని లేదు. నాణ్యత ఏమిటో ఆమె వేళ్లకు తెలుసు. ఏడు దశాబ్దాలకు పైగా నిలిచిన ఈ ఏర్పాటు ఒక సంగతి రుజువు చేస్తోంది. చిన్న సరఫరాదారుకు కావలసినది ఒక పెద్ద ఆర్డరు కాదు, ఆగని ఆర్డరు.

అదే సమయంలో హెచ్చరిక కూడా ఇక్కడే ఉంది. రాట్నం ముందు కూర్చునేవారిలో వయసు మళ్లిన మహిళలే ఎక్కువ. రోజంతా వడికినా వచ్చే కూలి తక్కువ కావడంతో కొత్త తరం ఇటు చూడడం లేదు. కొనుగోలుదారు ఎంత నమ్మకంగా ఉన్నా, ఇచ్చే ధర జీవనానికి చాలకపోతే సరఫరాదారు తరం మారేసరికి మాయమవుతాడు. బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో పనస కర్రతో వీణలు చెక్కే కళాకారులకు, సరుబుజ్జిలి మండలం బుడితిలో కంచు, ఇత్తడి పాత్రలు పోత పోసేవారికీ ఇదే ముప్పు ఉంది. ఈ రెండు కళలకూ భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు పత్రం పేరును కాపాడుతుంది, పొయ్యి మాత్రం ఆర్డరు వస్తేనే వెలుగుతుంది. భోగాపురంలో దిగే ప్రయాణికుడికి కనబడే దుకాణాల్లో, జిల్లా సంస్థలు అతిథులకిచ్చే జ్ఞాపికల్లో ఈ వస్తువులకు ఏటా నిర్ణీత వాటా దక్కితే ఆ పల్లెల్లో మరో తరం నిలబడుతుంది.

జీడి రైతు ఒకవైపు.. ఆఫ్రికా గింజ మరోవైపు

పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల జీడిపప్పు పరిశ్రమ మరో రకం పాఠం చెబుతోంది. పిక్కలు కాల్చే, ఒలిచే, పప్పు వేరుచేసే పనుల్లో ఎక్కువమంది మహిళలే. పక్కనే ఉద్దానం జీడితోటలున్నాయి. అయినా ఇక్కడి పరిశ్రమ ఆఫ్రికా దేశాల నుంచి వచ్చే ముడి పిక్కలపైనా ఆధారపడుతోంది. స్థానిక పంట కొన్ని నెలలకే వస్తుంది, పరిశ్రమ ఏడాదంతా నడవాలి. అందువల్ల దిగుమతిని తప్పుపట్టలేం. కానీ దిగుమతి పిక్క ధర చూపి స్థానిక రైతు ధర తగ్గిస్తున్నారన్న ఆవేదన ఉద్దానంలో ఏళ్లుగా ఉంది. 80 కిలోల బస్తాకు గిట్టుబాటు ధర ప్రకటించాలంటూ రైతులు ఆందోళనలకు దిగిన సందర్భాలున్నాయి.

2018 అక్టోబరు 11 వేకువన తీరం దాటిన తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. మళ్లీ నాటిన జీడి మొక్క కాపుకు రావడానికి కొన్నేళ్లు పడుతుంది. ఆ ఏళ్లలో రైతును పలకరించే కొనుగోలుదారు ఎవరన్నదే అసలు పరీక్ష. పంట ఉన్నప్పుడు కొనేవాడు వ్యాపారి. పంట పోయినప్పుడు మొక్కలకు, ఎరువుకు చేయూతనిచ్చి, రేపటి పంటను న్యాయమైన ధరకు కొంటానని ముందే ఒప్పందం రాసుకునేవాడే భాగస్వామి. ఇటువంటి ఒప్పందాలతో పరిశ్రమకూ లాభమే. దూర దేశాల్లో ధర పెరిగినా, ఓడ ఆలస్యమైనా పక్క తోట ఆదుకుంటుంది.

విజయనగరం గోగునార కథ మరింత విషాదం. నెల్లిమర్ల, విజయనగరం, రాజాం ప్రాంతాల జనపనార మిల్లులను నమ్ముకుని ఒకప్పుడు రైతులు విస్తారంగా గోగు పండించారు. తిండిగింజలు, పంచదారను జనపనార సంచుల్లోనే నింపాలన్న 1987 నాటి చట్టం కేంద్ర స్థాయిలో ఉన్నా, ప్లాస్టిక్ సంచుల పోటీ, మిల్లుల లాకౌట్లు, గోగు ఊరవేయడానికి నీటి కొరత కలిసి సాగును కుదించాయి. మిల్లు మూతపడినప్పుడల్లా కార్మికుల గోడు పత్రికలకెక్కింది. పంట మార్చుకున్న రైతు గోడు ఎక్కడా నమోదు కాలేదు. సరఫరాదారు నిష్క్రమణ ఎప్పుడూ నిశ్శబ్దంగానే జరుగుతుంది. ఒకసారి వెళ్లినవాడిని తిరిగి రప్పించడం కొత్తవాడిని వెతకడం కంటే కష్టం.

చట్టాల్లో చోటుంది.. చేరేవారే తక్కువ

చిన్న సరఫరాదారుకు రక్షణగా చట్టాలు లేవనడానికి వీల్లేదు. కేంద్ర మంత్రిత్వ శాఖలు, ప్రభుత్వరంగ సంస్థలు తమ వార్షిక కొనుగోళ్లలో కొంత భాగాన్ని సూక్ష్మ, చిన్న పరిశ్రమల నుంచి కొనాలన్న విధానం 2012 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. తొలుత 20 శాతంగా ఉన్న ఈ వాటాను 2018లో 25 శాతానికి పెంచారు. అందులో ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలకు 4 శాతం, మహిళలకు 3 శాతం ప్రత్యేకించారు. 358 వస్తువులను చిన్న పరిశ్రమల నుంచే కొనాలని నిర్ణయించారు. టెండరు పత్రాలు ఉచితం, ధరావతు నుంచి మినహాయింపు ఉంది. అతి తక్కువ ధర కోట్ చేసినవారి కంటే 15 శాతం వరకు ఎక్కువ కోట్ చేసిన చిన్న పరిశ్రమ, ఆ తక్కువ ధరకు ఒప్పుకుంటే ఆర్డరులో భాగం పొందవచ్చు.

విశాఖ ఉక్కు, హిందుస్థాన్ పెట్రోలియం శుద్ధి కర్మాగారం, హిందుస్థాన్ షిప్‌యార్డు, ఓడరేవు, రైల్వే.. ఈ విధానం వర్తించే భారీ కేంద్ర సంస్థలు విజయనగరానికి కూతవేటు దూరంలోనే ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ పారిశ్రామికవేత్తలను ఈ కొనుగోళ్లకు సిద్ధం చేసేందుకు 2016లో జాతీయ ఎస్సీ, ఎస్టీ హబ్ ప్రారంభమైంది. అదే ఏడాది ప్రభుత్వ ఈ-మార్కెట్ పోర్టల్ వచ్చింది. 2020 జులై 1న మొదలైన ఉద్యమ్ నమోదు పూర్తిగా ఉచితం. జీఎస్టీ లేని అతి చిన్న యూనిట్ల కోసం 2023 జనవరిలో ఉద్యమ్ అసిస్ట్ వేదిక కూడా ఏర్పాటైంది.

ఇన్ని ఉన్నా గొల్లపల్లి వీణ కళాకారుడికో, సీతంపేట సంఘం అధ్యక్షురాలికో ఇవి చేరాలంటే చాలా మెట్లు ఎక్కాలి. పాన్, బ్యాంకు ఖాతా, డిజిటల్ సంతకం, వస్తువు ఫొటోలు, కొలతలు, పన్ను కోడ్.. ఒక్కో మెట్టు వద్ద కొందరు ఆగిపోతున్నారు. పైగా కేంద్రం విధానం రాష్ట్ర శాఖలకు, ప్రైవేటు సంస్థలకు వర్తించదు. ప్రైవేటు సంస్థలు స్వచ్ఛందంగా ముందుకొస్తే తప్ప కొత్త ప్రాజెక్టుల్లో ఈ వాటా దక్కదు.

బిల్లు ఆలస్యమే అసలు శత్రువు

సరఫరా సంబంధాన్ని చెడగొట్టేవాటిలో మొదటిది ధర కాదు, ఆలస్యంగా వచ్చే బిల్లు. పదిహేను మంది మహిళలు అప్పు తెచ్చి రెండు వేల సంచులు కుట్టి ఇచ్చారనుకుందాం. బిల్లు నాలుగు నెలలు ఆగితే బ్యాంకు వాయిదా తప్పుతుంది, సంఘం పరపతి దెబ్బతింటుంది, రెండో ఆర్డరుకు వారు ముందుకు రారు. అదే విశాఖ వ్యాపారి అయితే నాలుగు నెలలు తట్టుకోగలడు. అంటే ఆలస్యంగా చెల్లించే సంస్థ తెలియకుండానే చిన్నవారిని ఏరివేసి పెద్దవారిని మిగుల్చుకుంటోంది.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం దీనికి గడువు పెట్టింది. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని చక్రవడ్డీగా కట్టాలి. వివాదాలను ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు తీసుకెళ్లవచ్చు. 2017 నుంచి ఫిర్యాదులకు సమాధాన్ పోర్టల్ ఉంది. 2024 ఏప్రిల్ నుంచి అమలైన ఆదాయపు పన్ను నిబంధన ప్రకారం గడువులోగా చెల్లించని సొమ్మును కొనుగోలుదారు ఆ ఏడాది ఖర్చుగా చూపుకోలేడు. బిల్లులను ముందుగానే నగదుగా మార్చుకునే ట్రెడ్స్ వేదికల్లో రూ.250 కోట్లకు మించి టర్నోవరు ఉన్న కంపెనీలు 2025 మార్చి 31లోగా చేరాలని కేంద్రం గడువు విధించింది.

అయితే ఆర్డరు ఇచ్చే సంస్థపై ఫిర్యాదు చేసే ధైర్యం ఎంతమందికి ఉంటుంది? ఫిర్యాదు చేస్తే బకాయి వస్తుందేమో గానీ సంబంధం పోతుందన్న భయం సహజం. మరో చిక్కు కూడా ఉంది. చెల్లింపు గడువు రక్షణ తయారీదారులకు, సేవలందించేవారికే గానీ కేవలం కొని అమ్మే వర్తకులకు వర్తించదు. కాబట్టి చట్టం చివరి అస్త్రంగానే ఉండాలి. చిన్న సంఘాలకు వారం, పది రోజుల్లో చెల్లిస్తామని సంస్థలే కొనుగోలు విధానంలో రాసుకోవడం అసలు మందు.

సంబంధం ఎలా నాటుకుంటుంది?

సరఫరాదారును వెతకడం ఒక రోజు మేళాతో పూర్తయ్యే పని కాదు. మేళాలో కార్డులు మార్చుకుంటారు, ఫొటోలు దిగుతారు, మర్నాటికి ఎవరి దారి వారిది. జిల్లా పరిశ్రమల కేంద్రం, ఐటీడీఏలు, మండల మహిళా సమాఖ్యల వద్ద ఎవరు ఏమి తయారు చేస్తారన్న సమాచారం విడివిడిగా ఉంటుంది. దాన్ని ఒకే పట్టికగా చేర్చి ఏటా సవరిస్తే కొనుగోలు అధికారికి వెతుకులాట సగం తగ్గుతుంది. అటువైపు నుంచి సంస్థలు కూడా వచ్చే ఏడాది తమకు ఏ వస్తువు, ఏ కొలతలో, ఏ నాణ్యతతో, ఎంత కావాలో తెలుగులో ముందే ప్రకటించాలి. కావలసినదేమిటో తెలియనప్పుడు ఏ సంఘమూ సిద్ధం కాలేదు.

ఆ తరువాత అడుగు చిన్న ఆర్డరు. మొదటిసారే లక్ష సంచులు అడిగితే సంఘం కూలుతుంది, లేదా బయట కొని తెచ్చి అందిస్తుంది. వెయ్యితో మొదలుపెట్టి, తప్పు వస్తే తిరస్కరించి వదిలేయకుండా ఎక్కడ తప్పిందో చూపి, రెండోసారి అవకాశమివ్వడం మేలు. పెద్ద టెండరును చిన్న భాగాలుగా విడగొట్టడం, మూడేళ్ల అనుభవం వంటి షరతులను సడలించడం, బయానాగా కొంత సొమ్ము ఇవ్వడం వంటివి ఖర్చులేని మార్పులు. మందుల తయారీకి వాడే రసాయనాల్లో నాణ్యతపై రాజీ కుదరదు. కానీ క్యాంటీన్ కూరగాయలకు, తోటపనికి, ఏకరూప దుస్తులకు అదే స్థాయి షరతులు పెట్టడం తలుపు మూయడమే.

మహిళా సంఘాలకు ఆ శక్తి లేదనేవారికి ఈ జిల్లాల అనుభవమే సమాధానం. ప్రపంచ బ్యాంకు సాయంతో 2000లో వెలుగు పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం కూడా ఉన్నాయి. ఆ బాటలో రూపుదిద్దుకున్న సంఘాలు తరువాతి కాలంలో రాష్ట్రంలో ధాన్యం కొనుగోలు కేంద్రాలను నడిపాయి. బస్తాల తూకం, తేమ శాతం పరీక్ష, మిల్లుకు రవాణా, లెక్కల పుస్తకం.. ఇవన్నీ ఊరి మహిళలు చేసి చూపించారు. మిల్లర్లతో, అధికారులతో నెగ్గుకొచ్చినవారికి క్యాంటీన్ కాంట్రాక్టు బరువు కాదు.

సరఫరాదారుల వైపు నుంచీ బాధ్యత ఉంది. ఒప్పుకున్న తేదీకి సరకు ఇవ్వడం, నమూనాకు తగ్గకుండా చూడడం, కష్టం వచ్చినప్పుడు దాచకుండా ముందే చెప్పడం నమ్మకానికి పునాదులు. ఒకే సంస్థకు మొత్తం సరకు కట్టబెట్టే ప్రమాదాన్ని గోగు రైతు అనుభవం చెబుతోంది. కనీసం ఇద్దరు ముగ్గురు కొనుగోలుదారులను చూసుకోవడం వారికీ క్షేమం.

ముసుగు వ్యాపారంపై కన్నేయాలి

ప్రత్యేక వాటాలు ఉన్నచోట ముసుగులూ పుట్టుకొస్తాయి. పేరు భార్యది, పెత్తనం భర్తది.. పత్రాల్లో గిరిజనుడు, పెట్టుబడి షావుకారుది.. ఇటువంటి బినామీ సంస్థలు అసలైనవారి నోటికాడి కూడు లాక్కుంటాయి. వాటిని పట్టుకోవడానికి కాగితాలు చాలవు. కొనుగోలు అధికారి ఏడాదికి ఒకసారైనా తయారీ స్థలానికి వెళ్లి, పని ఎవరు చేస్తున్నారు, చెక్కుపై సంతకం ఎవరిది, లాభం ఎవరికి చేరుతోందో చూడాలి. ఆ పర్యటన తనిఖీగానే కాక పరిచయంగానూ ఉపయోగపడుతుంది. సంస్థలు తమ మొత్తం కొనుగోళ్లలో జిల్లా వాటా ఎంత, అందులో మహిళలు, దళితులు, గిరిజనుల వాటా ఎంత అన్నది ఏటా బహిరంగంగా ప్రకటిస్తే మాటలకు, చేతలకు మధ్య దూరం జనానికే తెలుస్తుంది.

విమానాశ్రయం, ఓడరేవు వంటి ప్రాజెక్టులకు భూములిచ్చిన ఊళ్లు వాటివైపు ఆశగా చూస్తున్నాయి. అందరికీ ఉద్యోగాలు రావు, రాలేవు కూడా. కానీ ఆ గేటు లోపలికి వెళ్లే కూరగాయల బుట్ట, చీపురు కట్ట, కుట్టిన చొక్కా, జ్ఞాపిక వీణ ఈ పల్లెలవే కావచ్చు. కొనుగోలు ఒప్పందాలు ఒకసారి దూరపు వ్యాపారులతో కుదిరిపోతే వాటిని మార్చడం ఏళ్లతరబడి సాధ్యం కాదు. ప్రాజెక్టులు వేళ్లూనుకుంటున్న ఈ దశలోనే జిల్లా యంత్రాంగాలు, సంస్థల యాజమాన్యాలు, సంఘాలు ఒకచోట కూర్చుని జాబితాలు సరిచూసుకోవలసి ఉంది. ఆ పని ఆలస్యమైతే రేపు గేటు బయట నిలబడి లారీలు లెక్కపెట్టడమే ఈ జిల్లాలకు మిగులుతుంది.